నలుపు పెట్టని రోజు

అవ్వ దశదినకర్మకు ఫ్లెక్సీ చేయించాలని మొన్న జనగామలో ఒక దుకాణానికి వెళ్ళాను. నా ఫోన్‌లో ఉన్న ఆమె ఫొటోను కంప్యూటర్‌లోకి ఎక్కించుకున్న పిల్లవాడు ముందుగా వెనకాల ఉన్న గోడను తీసేశాడు. చుట్టూ మబ్బులు పెట్టాడు. మూలకు ఒక దీపం పెట్టాడు. తర్వాత మౌసును ఇటు నుంచి అటు ఒక్కసారి లాగాడు. అవ్వ ముఖం పాలలో ముంచి తీసినట్టు తెల్లబడింది.

"ఆపు తమ్మీ," అన్నాను. "అది తీసెయ్యి."

"ఏది అన్న?"

"ముఖం తెల్లగ చేసినవు కద. అది."

"అందరికి గట్లనే చేస్తం అన్న. చెయ్యకపోతె కర్రెగ పడ్తది. మల్ల మీరే వచ్చి లొల్లి పెడ్తరు."

"పెట్టను. తీసెయ్యి."

అతను నన్ను కొంచెం అనుమానంగా చూశాడు. అతనికి నేను తెలుసు. రెండు వీధుల అవతల పెయింట్ల దుకాణంలో రంగులు కలిపే యంత్రం నడుపుతాను. డిప్లొమా చదివింది అందుకు కాదు గానీ, చివరికి స్థిరపడింది అక్కడే. రంగుల పని చేసేవాడు రంగు వద్దంటున్నాడేమిటని అతని అనుమానం. నేను స్టూలు జరుపుకుని అతని పక్కకు చేరాను. మా వాళ్ళ బొమ్మ ఎవరైనా చేస్తుంటే పక్కన కూర్చుని చూడటం నాకు చిన్నప్పుడు పడ్డ అలవాటు. ఆ అలవాటు చేసింది అవ్వే.

అప్పుడు మేము మానుకోటలో ఉండేవాళ్ళం. కాగితాల మీద మహబూబాబాద్ అని రాసినా మా నోట్లో అది మానుకోటే. బాపుకు భూపాలపల్లిలో బొగ్గు బావి ఉద్యోగం. అమ్మ, చెల్లె ఆయన దగ్గర క్వార్టర్‌లో ఉండేవాళ్ళు. తాత పోయాక నర్సింహులపేట దగ్గరి మా ఊళ్ళో భూమిని కౌలుకిచ్చి, నా చదువు కోసం అవ్వ మానుకోటకు వచ్చి రైల్వే గేటు దగ్గర ఒక గది కిరాయికి తీసుకుంది. మా దగ్గర అవ్వ అంటే అమ్మ, బాపు తన తల్లిని అట్లాగే పిలిచేవాడు. అది విని నేనూ అట్లాగే పిలిచేవాణ్ణి.

అవ్వ ఊరిని పూర్తిగా వదిలి రాలేదు. మూడు వస్తువుల్ని వెంట తెచ్చుకుంది: ఇసుర్రాయి, తాత గొంగడి, గోనె సంచి నిండా చింతకాయ. తీరిక దొరికినప్పుడల్లా గడపలో కూర్చుని రాయి మీద చింతపండు కొట్టేది. గింజలు ఎగిరి గది నిండా పడేవి. పండు పులుపు వాసన, గొంగడి వాసన, పొద్దున పొయ్యి మీద కాలే సర్వపిండి వాసన, ఇవన్నీ కలిసిన ఆ గది వాసన నాకు ఇప్పటికీ ముక్కులో ఉంది. రైలు వెళ్ళినప్పుడల్లా గోడ మీది గిన్నెలు సన్నగా మోగేవి.

గేటుకు ఇవతల వైపు పెయింటర్ దుకాణం ఉండేది. ముందు రేకుల షెడ్డు, లోపల ఒక చీకటి గది. షెడ్డులో దుకాణాల బోర్డులు, ట్రాక్టర్ ట్రక్కుల వెనక రేకులు, నంబరు ప్లేట్లు. గదిలో చనిపోయినవాళ్ళ బొమ్మలు. పెయింటర్‌కు అరవై ఏళ్ళ దాకా ఉంటాయి. లుంగీ, నూలుదారంతో కట్టిన కళ్ళద్దాలు, ఎప్పుడూ నడిచే నోరు. నేను మామా అనేవాణ్ణి. ఆయన చుట్టుపక్కల పేరు తెచ్చుకున్నది చనిపోయినవాళ్ళ బొమ్మలతోనే. గంగారం అడవి నుంచి చిల్పూర్ గుట్ట దాకా మనుషులు గోరంత ఫొటోలు పట్టుకుని వచ్చేవాళ్ళు. రేషన్ కార్డులోంచి కత్తిరించినవి, పెళ్ళి గుంపులోంచి వేలుతో చూపించేవి. ఆయన వాటిని చూసి అట్ట మీద జానెడు ముఖం చేసి ఇచ్చేవాడు. ముక్కు, మీసం, కంటి కింద మచ్చ కూడా తప్పేవి కావు.

రంగు మాత్రం అందరిదీ ఒకటే.

గదిలో అలమారలో ఒక పెద్ద గాజు సీసా ఉండేది. దాని పేరు మనిషి రంగు. తెలుపు చాలా, పసుపు కొంచెం, ఎరుపు ఇంకా కొంచెం కలిపి, ఒక్కసారే సీసా నిండా చేసి పెట్టుకునేవాడు. వచ్చిన ముఖానికల్లా అందులోంచే తీసేవాడు. ఆయన చేతిలో పడ్డ పెద్దమనుషులందరూ గులాబీ ఛాయలో, ఒకే ఇంట్లో పుట్టినవాళ్ళలా ఉండేవాళ్ళు. తీసుకుపోయేవాళ్ళు సంతోషపడేవాళ్ళు. ఎందుకిట్లా అని ఒకసారి అడిగితే మామ చెప్పాడు:

"బతికినన్నాళ్లు ఎండలనే ఉండిరి కద రా. సచ్చినంకనన్న జర నీడపట్టున ఉండనీ."

మా పెద్దతాత బొమ్మ కూడా ఆ సీసాలోంచి వచ్చిందే. ఊళ్ళో దాన్ని గోడకు తగిలించిన రోజు అందరూ బాగుంది బాగుంది అంటుంటే అవ్వ కాసేపు చూసి, "ఈయనెవలు? పట్వారి లెక్క ఉన్నడు," అన్నదట. మా ఇంట్లో చాలా రోజులు అదే నవ్వు.

తాత విషయానికి వచ్చేసరికి ఆమెకు నవ్వు రాలేదు. తాతకు ఉన్నది ఒక్కటే ఫొటో, ఎవరిదో పెళ్ళిలో తీసినది. నలుపు తెలుపు ఫొటో, పైగా కెమెరా వెలుగు నేరుగా ఆయన మీద పడి ముఖం తెల్లగా వెలిసిపోయింది. అవ్వ దాన్ని బియ్యం డబ్బాలో దాచుకుని రోజూ చూసుకునేది. ఆ వానాకాలం ఒక సాయంత్రం చింతపండు కొడుతూ, నాతో అన్నట్టు కాకుండా అన్నది:

"ఒకప్పుడు కండ్లు మూస్తె మీ తాత కనవడేటోడు. ఇప్పుడు గా ఫొటోల తెల్ల మొకమే అడ్డమొస్తున్నది. ఇంకొన్నొద్దులైతె అసలుది మొత్తమే పోతది."

మర్నాడు ఫొటోను కొంగున కట్టుకుని పెయింటర్ దగ్గరికి నడిచింది. నేను వెంట ఉన్నాను.

"అయ్యా, నా పెనిమిటి కర్రెగుంటడు. కర్రెగనే దించు. పెత్రమాస నాటికి కావాలె. పెద్దలకు బియ్యమిచ్చే నాడు నా ముందట ఆయనే ఉండాలె."

మామ ఫొటోను వెలుతురులోకి పట్టుకున్నాడు. "ఈడ తెల్లగనే ఉన్నడు కద అవ్వ."

"అది లైటు. మనిషి కాదు."

"సరె, దించుత తియ్."

అవ్వ అలమారలోని సీసాను చూసింది. షెడ్డు దాటగానే నా భుజం పట్టుకుని ఆపింది. "బడి ఇడువంగనే ఆడ పోయి కూసో కొడుకా. గా సీసల రంగు తీస్తె వచ్చి నాకు చెప్పు."

అట్లా నేను కాపలాకు కుదిరాను. మామకు సంగతి తెలియడానికి ఎంతోసేపు పట్టలేదు. "ఏం రా సీఐడీ, వచ్చినవా," అని ఖాళీ డబ్బా బోర్లించి వేసేవాడు. దాని మీద కూర్చుని టర్పెంటైన్ వాసన, అవిసె నూనె వాసన, పక్క బండి నుంచి మిర్చి బజ్జీల వాసన పీల్చుకుంటూ చూసేవాణ్ణి. నేను చూడాల్సింది సీసాను. కానీ నా కళ్ళు అద్దం మీదికి పోయేవి.

మామ రంగులు కలిపేది ఒక అద్దం పలక మీద. ఏదో పాత కిటికీలోంచి ఊడినది, అడుగున తెల్ల కాగితం అంటించి ఉండేది. పొద్దున ట్యూబుల్లోంచి రంగుల్ని దాని పై అంచున ఎప్పుడూ ఒకే వరుసలో పెట్టేవాడు. ఎడమ చివర తెలుపు, తర్వాత నిమ్మపండు పసుపు, బంతిపువ్వు పసుపు, సిందూరం, ముదురు ఎరుపు, ఇటుక రంగు, ఆకుపచ్చ, నీలం, కుడి చివర నలుపు. మధ్యంతా ఖాళీ. నేను బడి నుంచి వచ్చేసరికి ఆ ఖాళీలో దారులు పడి ఉండేవి. కలిపే కత్తి ఒక్కో రంగును లాక్కొచ్చిన దారులు.

వాటిని చదవడం నాకు నేనే నేర్చుకున్నాను. పసుపు నుంచి ఒక వెడల్పాటి దారి, నీలం నుంచి ఒక సన్నటి గీత వచ్చి ఒకచోట కలిస్తే, కలిసినచోట వరి నారు రంగు ఉండేది. నీలం దారి కూడా వెడల్పైతే అదే మామిడాకు. సిందూరంలోకి నిమ్మ పసుపు నడిస్తే మోదుగుపువ్వు. అదే సిందూరంలోకి ఆకుపచ్చ నడిస్తే ఎరుపు చచ్చి, తడిసిన మట్టి. తెలుపు ఏ దారిలో అడుగుపెట్టినా ఆ రంగు పొద్దుటి మంచులోంచి చూసినట్టు అయ్యేది. ఏ దారి ముందు వచ్చింది, దేని మీద ఏది ఎక్కింది కూడా తెలిసేది. మామను అడిగితే తెలిసేది కాదు.

"మామా, నీలం ఎంత వేసినవ్?"

"ఏమో రా. సాలు అనిపిచ్చేదాంక."

సినిమా నటుల ముచ్చట్లు, ఎలక్షన్ల ముచ్చట్లు, తన మోకాళ్ళ నొప్పుల ముచ్చట్లు గంటలు గంటలు చెప్పేవాడు గానీ రంగు దగ్గర ఆయనకు మాటలు లేవు. కలిపిన రంగును ఎడమ బొటనవేలి గోటి మీద చుక్క పెట్టుకుని, చేయి చాచి, ఒక కన్ను మూసి చూసేవాడు. నేనూ మిగిలిన రంగుల్ని అట్లాగే గోళ్ళకు పెట్టుకునేవాణ్ణి, వేలికొకటి. బడిలో లెక్కల సారు "ఏంది రా, పోరిల లెక్క గోర్ల రంగా," అని వేళ్ళ మీద బెత్తంతో కొట్టాడు. ఇంకోసారి పక్కింటి పుంజు తోకకు మామిడాకు రంగు పూశాను. ఆ ఇంటావిడ దాన్ని గుర్తుపట్టక, ఎవరిదో వచ్చి తన గింజలు తింటోందని రెండు రోజులు కట్టెతో తరిమింది.

సాయంత్రం దుకాణం కట్టే ముందు మామ చేసే పని ఒకటి ఉండేది. అద్దం మీద మిగిలిన రంగులన్నిటినీ పాత బ్లేడుతో గీకి ఒక కుప్ప చేసేవాడు. ఆ కుప్పను పారేయకుండా గోడకు ఆనించి ఉన్న పెద్ద రేకు వెనక పక్క ఒక పట్టీలా పూసేవాడు. తుప్పు పట్టకుండా. రోజుకొక పట్టీ, ఒకదాని పక్కన ఒకటి. అన్నీ బురద రంగులే. కానీ ఏ రెండు బురదలూ ఒకటి కావు. ట్రాక్టర్ పని ఉన్న రోజు బురదలో ఎరుపు తోచేది, బడి గోడకు పటం వేసిన రోజు బురద పచ్చగా ఉండేది. పట్టీని చూసి ఆ రోజు ఏం వేశాడో చెప్పడం నాకు ఆటైపోయింది. మామ నవ్వేవాడు. "బడిల గిట్ల చదువుతె కలెక్టరైతవు."

వినాయక చవితి ముందు మండపం కుర్రాళ్ళు పెద్ద బోర్డు వేయించుకున్నారు. గేటు దగ్గరే మండపం. వాళ్ళలో ఒకడు పని మొదలయ్యేసరికే వచ్చి నిలబడ్డాడు.

"కాకా, దేవుని బోర్డు మీద కర్రె రంగు తగలద్దు. గీత గూడ."

"కండ్లకన్న పెట్టనీయవా రా?"

"నీలం పెట్టు."

మామ గొణుక్కున్నాడు గానీ ఆ రోజు అద్దం మీద నలుపు పెట్టలేదు. సెలవు కాబట్టి నేను పొద్దున్నుంచీ అక్కడే ఉన్నాను. వరుసలో కుడి చివర ఖాళీగా ఉండటం నాకు పన్ను ఊడిన నోరులా కనిపించింది. తొండానికి చాలా తెలుపు కావాలని తెలుపును కూడా అద్దం మీద కాకుండా వేరే మూతలో కలుపుకున్నాడు.

చవితి తర్వాత తాత బొమ్మ మొదలైంది. గీతలు గీసేసరికే ముఖం వచ్చేసింది. మీసం చివర, ఎడమ చెవి మీది కోత, కొంచెం వంకర నవ్వు. అప్పుడే బాపు సెలవు మీద వచ్చాడు. నన్ను వెంటబెట్టుకుని దుకాణానికి వచ్చి, గీతల్ని చాలాసేపు చూశాడు. వెళ్ళే ముందు మామ చెవి దగ్గర వంగి, "జర తెల్లగనే వెయ్యి అన్న. మా అవ్వ గట్లనే అంటది," అన్నాడు.

నా ఉద్యోగం ప్రకారం ఆ మాట అవ్వకు చెప్పాను.

అన్నాల దగ్గర ఆమె పచ్చి పులుసు గిన్నెను బాపు ముందు పెట్టి, పోయకుండా నిలబడింది. "తెల్లగ వెయ్యమన్నవట."

బాపు నా వైపు చూశాడు. నేను కంచంలోకి చూశాను.

"నలుగురు సూస్తరు అవ్వ."

"సూడనీ."

"నన్ను బడిల ఏమని పిలిచేటోళ్లో నీకు తెల్వదు. బాయిల గూడ, బొగ్గు కడుక్కున్నంక గూడ, ఇంక కడుక్కోలేదా అని నవ్వుతరు. నాకంటె అలవాటైంది. మా నాయిననన్న మంచిగ ఉండనీ. గోడ మీదనన్న."

అవ్వ పులుసు పోసింది. గిన్నె కింద పెట్టి అన్నది: "నాకు సంబంధాలు మస్తుగొచ్చినయి. నేను గా కర్రోన్నే చేసుకున్న. నువ్వు సూసిన నాయిన వేరు, నేను సూసిన మనిషి వేరు. నాది నాకు కావాలె."

బాపు పొద్దున బస్సుకు భూపాలపల్లి వెళ్ళిపోయాడు.

మామ ఇద్దరి మాటా వినదలచుకున్నాడో ఏమో, సీసాలోంచే మనిషి రంగు తీసి అందులో నలుపు కలిపాడు. నేను పరుగెత్తి అవ్వకు చెప్పేలోపే ముఖం సగం నిండింది. అవ్వ వచ్చి చూసింది. ఆ సీసాలో సగానికి పైగా తెలుపే. తెలుపులో నలుపు పడితే బూడిద. తాత ముఖం బూడిద రంగులో, పెదవుల దాకా చల్లగా ఉంది.

"గిది పీనుగ రంగు," అన్నది అవ్వ, గొంతు పెంచకుండా. "గా రంగుల ఆయనను నేను ఒక్కపూట సూసిన. సాలు. నేను బతికున్న మనిషిని అడిగిన."

మామ ముఖం మాడిపోయింది. మర్నాడు దాన్ని తుడిచేసి, ఈసారి మనిషి రంగులో ఇటుక రంగు కలిపాడు. అవ్వ దాన్ని చూసి, "ఎర్ర మొరం గుట్ట," అన్నది. అంతే. ఆ సాయంత్రం మామ కత్తి కింద పెట్టాడు.

"నాతోని కాదవ్వ. ఇన్నేండ్లల్ల ఎవ్వలు నన్ను గీ రంగు అడుగలే. ఫొటో తీస్కపో. పెత్రమాస దగ్గరికొచ్చె, నువ్వు పరేషాన్, నేను పరేషాన్."

"తీస్కపోయి ఎవలకియ్యాలె?"

ఆయన చూపు నా మీద పడింది. నా చేయి పట్టుకుని లాగి బొమ్మ పక్కన పెట్టాడు. "నీ కొడుకు పెత్రమాస దాంక రాడు. పోనీ, వీన్ని సూసి వెయ్యనా? మనవడే కద."

"వాడు నా రంగు," అన్నది అవ్వ. "వాన్ని సూసి వేస్తె నేనే అయిత."

తర్వాత కొంగు ముడి విప్పి ఒక చింతగింజ తీసింది. దాన్ని నోట్లో వేసుకుని తడిపి అరచేతిలో పెట్టింది. "ఇగో. పొలం నుంచి చెమటతోని వచ్చినప్పుడు గిట్ల ఉండేటోడు. ఎండ పడితె భుజం మీద నీలంగ మెరిసేది. అరచేతులు మాత్రం ఎర్రగ. గంతే నాకు యాదికున్నది. నువ్వు మంచిగ సూడు."

గింజను అద్దం మీద పెట్టి వెళ్ళిపోయింది. నడుస్తుంటే ఆమె కొంచెం వంగిందనిపించింది. నాకు అప్పుడు తెలిసింది, ఇది కుదరకపోతే ఆమె ఇంకెవర్నీ అడగదని, బియ్యం డబ్బాలోని ఆ తెల్ల ముఖమే మిగులుతుందని.

మామ బీడీ వెలిగించి షెడ్డు బయట నిలబడ్డాడు. నేను గింజను తీసుకుని తడి ఆరకుండా నోట్లో పెట్టుకున్నాను. తీశాను. దానిలో ఏ దారులు కలిశాయో చదవాలని చూశాను. నలుపు లాగా ఉంది గానీ నలుపు కాదు. పక్కన నలుపు ట్యూబు మూత పెడితే గింజలోని ఎరుపు బయటపడింది. ఎరుపు పక్కన పెడితే అడుగున ఏదో పచ్చదనం ఉంది. అప్పుడు నాకు రేకు గుర్తొచ్చింది. దాన్ని గోడ నుంచి ఇవతలికి లాగి, వెనక పట్టీల మీద గింజను ఒక్కోదానికీ ఆనిస్తూ పోయాను. బూడిద బురద, పచ్చ బురద, మళ్ళీ బూడిద. ఒకచోట పెట్టిన గింజ కనిపించలేదు. పట్టీలో కలిసిపోయింది.

"మామా, మా తాత ఈడ ఉన్నడు."

ఆయన వచ్చి చూశాడు. "అది గీకిన చెత్త రా."

"రంగు సూడు."

కళ్ళద్దాలు పైకి తోసుకుని వంగాడు. వేలితో పట్టీని తడిమాడు. నా చేతిలోంచి గింజ తీసుకుని, తన నోట్లో తడుపుకుని, మళ్ళీ పెట్టాడు. బీడీ ఆరిపోయింది.

"ఏ నాటిది ఇది?"

"వినాయకుని బోర్డు నాటిది. ఆ దినం నలుపు పెట్టలే నువ్వు. మండపపోళ్లు వద్దన్నరు కద. తెలుపు గూడ వేరే మూతల కలిపినవు."

"మరి ఏమేమున్నయి?"

ఆ రోజు అద్దం నా కళ్ళ ముందే ఉంది. వరుసగా చెప్పాను. పంచెకు ముదురు ఎరుపు చాలా, గరికకు, అరటాకులకు ఆకుపచ్చ, కళ్ళకూ ఆకాశానికీ నీలం, హారానికి బంతిపువ్వు పసుపు కొంచెం. నేను చెప్తుంటే ఆయన అద్దం తుడిచి ఒక్కోటీ పెడుతూ పోయాడు. కుడి చివర ఖాళీ. ఎడమ చివర ఖాళీ. ఎరుపులోకి ఆకుపచ్చను నడిపించాడు. తడి మట్టి వచ్చింది. నీలం సన్నటి దారి తెచ్చాడు. అది లోతుకు దిగింది. పసుపు మొన మీద అంటించి తిప్పాడు. గోటి మీద చుక్క పెట్టి చేయి చాచి, ఒక కన్ను మూశాడు. మళ్ళీ నీలం. మళ్ళీ గోరు. నేను చెప్పగలిగింది అక్కడి దాకే. ఎక్కడ ఆగాలో ఆయన చేతికే తెలుసు.

"నలుపు లేకుండ నలుపు," అన్నాడు తనలో తానే. "మండపం పోరలు నేర్పిరి."

తర్వాత రోజుల్లో నన్ను డబ్బా మీద కాకుండా తన పక్కన పీట మీద కూర్చోబెట్టుకున్నాడు. బుగ్గ మీద వెలుతురుకు ఎప్పటిలా తెలుపు గులాబీ తీయబోయి ఆగాడు. అవ్వ మాట గుర్తొచ్చి, లేత నీలం తీసి నుదుటి మీద, భుజం మీద అంటీ అంటనట్టు అద్దాడు. ముఖం వెనక్కి పోయినట్టుండి ముందుకొచ్చింది. ఒక రైలు వెళ్ళింది. షెడ్డు రేకులు అదిరాయి. ఇద్దరం కదలకుండా చూస్తూ కూర్చున్నాం.

పెత్రమాస నాటికి రంగు పూర్తిగా ఆరలేదు. బాపు పొద్దున్నే భూపాలపల్లి నుంచి అమ్మనూ చెల్లెనూ తీసుకుని వచ్చాడు. మామే స్వయంగా బొమ్మను గుడ్డ కప్పి తెచ్చి, "అంటుకుంటది, ముట్టకుండ్రి," అని గోడకు ఆనించాడు. గదిలో గారెలు వేగుతున్న వాసన, మటన్ కూర, ముంతలో కల్లు, వాటన్నిటి మీదా టర్పెంటైన్. బయట ఆడపిల్లలు సాయంత్రం బతుకమ్మ కోసం తంగేడుపువ్వు కట్టలు దించుతున్నారు. మామ గుడ్డ తీసి తలుపు దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. చేతులు వెనక్కి కట్టుకున్నాడు. ఎడమ బొటనవేలి గోటి మీద తాత రంగు ఇంకా ఉంది.

అవ్వ బొమ్మ ముందు కూర్చుంది. చూసింది. ఇంతకు ముందు రెండుసార్లు ఆమె మామతో మాట్లాడింది. ఈసారి మామ వైపు తిరగలేదు.

"ఇప్పుడొచ్చినవా?" అన్నది తాతతో. "రా. కూర సల్లారిపోతున్నది."

విస్తట్లో అన్నం పెట్టింది, కూర పెట్టింది, కల్లు వంచింది, తునికాకు చుట్ట పక్కన పెట్టింది. సాంబ్రాణి వేస్తుంటే ఎగిరిన నుసి ఒకటి తడి రంగు మీద వాలి తాత భుజానికి అంటుకుంది. మామ చెయ్యి చాచి మళ్ళీ వెనక్కి తీసుకున్నాడు. ఆ నుసి ఇప్పటికీ అక్కడే ఉంది.

పక్కింటి ఆవిడ, ఆ పుంజు గల ఆవిడే, పూల కోసం వచ్చి తలుపులోంచి చూసి, "ఇదేంది, మీ కొడుకు బొమ్మ దింపిచ్చినవా?" అన్నది.

గదిలో అందరం బాపు వైపు చూశాం. ఆయన బొమ్మకు ఎదురుగా నిలబడి ఉన్నాడు. నిజంగానే అద్దంలో చూసుకుంటున్నట్టుంది. తండ్రి రంగే, తండ్రి పోలికే అన్న మాట ఆయన చిన్నప్పటి నుంచి వింటున్నదే. భుజం మీది తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు.

"మా నాయిన," అన్నాడు. "నాకు గాయిన పోలికే."

ఆ బొమ్మను బాపు భూపాలపల్లి క్వార్టర్‌కు తీసుకుపోలేదు, అవ్వ ఇవ్వలేదు. కానీ వచ్చిన ప్రతిసారీ దాని కిందే చాప వేసుకుని పడుకునేవాడు. మామ దుకాణంలో సీసా అలమారలోనే ఉండేది. తర్వాత వచ్చినవాళ్ళను మాత్రం ఆయన మొదట ఒక మాట అడిగేవాడు: "మనిషి ఏ రంగు?" చాలామంది తెల్లగనే వెయ్యమనేవాళ్ళు. కొందరు ఆగి, ఆలోచించి, చేతికి దొరికింది చూపించేవాళ్ళు. తలుపు చెక్క, బెల్లం ముద్ద, ఒకాయన తన కాలి చెప్పు. నేను పట్టీ చూసి దారులు చెప్పేవాణ్ణి, ఆయన నడిపేవాడు.

నేను పాలిటెక్నిక్‌కు వెళ్ళాక ఒక సెలవులో వచ్చి చూస్తే ఆ షెడ్డు లేదు. మామ కంటి చూపు తగ్గి కూతురి దగ్గరికి వెళ్ళిపోయాడన్నారు. ఆ రేకు ఏమైందో ఎవరికీ తెలియదు. ఎవరింటి కప్పు మీదో ఉండి ఉంటుంది, వెనక పట్టీలు కిందికి తిరిగి. ఇప్పుడు నా యంత్రం ఏ ముక్క పెట్టినా చదివి, ఏ రంగు ఎన్ని చుక్కలో చెప్పేస్తుంది. అది తప్పు చెప్పదు. అయినా డబ్బా మూత వేసే ముందు ఒక చుక్క ఎడమ గోటి మీద పెట్టి చూసుకుంటాను.

"అన్నా," అన్నాడు ఫ్లెక్సీ దుకాణం పిల్లవాడు. మబ్బుల మధ్య అవ్వ ముఖం ఫోన్‌లో ఎట్లా ఉందో అట్లా తిరిగి వచ్చింది. "తెల్లది తీసేసిన. ఇదేనా రంగు?"

కాదు. ట్యూబులైటు కింద తీసిన ఫొటో అది, ముఖం పచ్చగా కొడుతోంది. ఫోన్‌లో ఇంకా ఫొటోలున్నాయి. ఒక దాంట్లో ఎర్రగా, ఒక దాంట్లో మసకగా. తాతకు చింతగింజ దొరికింది, ఎందుకంటే ఆయన్ను అంతగా చూసిన మనిషి అప్పటికి బతికి ఉంది. అవ్వను అట్లా చూసినవాడు ఆమెకంటే ముందే పోయాడు.

"మరి ఏ రంగు కావాల్నో చెప్పన్న. నేను ఎట్ల సూసి చెయ్యాలె?"

వాడు నా రంగు, అన్నది ఆమె ఆనాడు.

చొక్కా చేయి మోచేతి దాకా మడిచి, నా చేతిని తెర పక్కన పెట్టాను. పిల్లవాడు ఒకసారి చేతిని, ఒకసారి ముఖాన్ని చూసుకుంటూ మౌసును మెల్లగా జరపడం మొదలుపెట్టాడు. సరిపోయేదాకా నేను చెయ్యి తీయలేదు.